నాలుగు వేళ్ళ ఎర్రపట్టు

కుట్టుమిషను తొక్కి బతికిన మనిషిని నేను. ఎన్ని జాకెట్లు కుట్టానో చెప్పలేను గానీ, ఎన్ని చెడగొట్టానో అడిగితే చెబుతాను. చెడిపోయిన గుడ్డ టైలరు కళ్ళ ముందు నుంచి ఓ పట్టాన పోదు. కత్తెర జారుతుంది, కొలత తప్పుతుంది, ఇస్త్రీపెట్టె మాడ్చేస్తుంది. అలాంటివాటికి నాలుగు మాటలు పడి, కొత్త గుడ్డ కొనిచ్చి దులిపేసుకోవచ్చు. నేను దులుపుకోలేనిది ఒక్కటే ఉంది. అది కత్తెర జారి జరిగింది కాదు. తెలిసి తెలిసి, సుద్దతో గీత గీసుకుని మరీ, నాలుగు వేళ్ళ గుడ్డ తక్కువ కోశాను. ఈ సంగతి మా ఆయనకి కూడా చెప్పలేదు.

తొంభైల మొదట్లో మేం గాజువాకలో ఉండేవాళ్ళం. మా ఆయన ఆటోనగర్‌లో ఒక షెడ్డులో లేత్ మిషను మీద పనిచేసేవారు. మాది శ్రీకాకుళం వైపు సేద్యం చేసుకునే కుటుంబం. పెళ్ళయ్యాక పట్నం వచ్చి, ఊరికే కూర్చోలేక, అద్దెయింటి ముందుగదిలో మిషను వేసుకున్నాను. వీధిలో ఆడవాళ్ళ జాకెట్లు, పిల్లల గౌన్లు, చీరలకి ఫాల్స్. అంతవరకే నా లోకం.

ఒక మధ్యాహ్నం ఆవిడ వచ్చింది. చూడగానే గుర్తుపట్టాను. గుర్తుపట్టని వాళ్ళెవరు? వినాయక చవితి పందిళ్ళ నుంచి ఎండాకాలం అమ్మవార్ల సంబరాల దాకా, మా జిల్లాల్లో ఆర్కెస్ట్రా అంటే ఆవిడే. గోడల మీద అంటించే పోస్టర్లలో మిగతా వాళ్ళ మొహాలు బఠాణీ గింజల్లా ఉంటే ఆవిడది పళ్ళెమంత ఉండేది. సముద్రం ఒడ్డున వేటకెళ్ళే కుటుంబంలో పుట్టిన మనిషి. సంగీతం నేర్పిన గురువు లేడు. ఒడ్డుకి వల లాగేటప్పుడు మగవాళ్ళు అందుకునే పాటలు విని నేర్చుకున్నానని చెప్పేది. కరెంటు పోయి మైకు ఆగిపోయినా ఆవిడ గొంతు చివరి వరస దాకా వెళ్ళేది.

ఆ రోజు నీలం శాటిన్ గుడ్డ బల్ల మీద పడేసి, నిలబడే అడిగింది.

“పిల్లా, నాను సెయ్యి పైకెత్తితే జాకెట్టు కూడా నాతో లెగిసిపోతంది. సెయ్యి ఎంతెత్తినా ఒంటి మీద బట్ట కదలకూడదు. కుడతావేటి?”

ఆవిడ చెయ్యెత్తడం గురించి ఇక్కడ చెప్పాలి. ప్రోగ్రాం ఆఖర్న పాడే పాటలో, గొంతు బాగా పైకి వెళ్ళే చోట, మైకు ఎడమచేతిలోకి మార్చుకుని కుడిచెయ్యి నిలువునా ఎత్తేది. ఊపిరి ఉన్నంతసేపూ గొంతు దించేది కాదు, చెయ్యీ దించేది కాదు. జనం ఈలలు వేస్తూ వాళ్ళ చేతులూ ఎత్తేవారు. పాట కోసం వచ్చేవాళ్ళు కొందరుంటే, ఆ చెయ్యి కోసం వచ్చేవాళ్ళు అంతకంటే ఎక్కువమంది ఉండేవారు.

నాకు మా నాన్న పొలం చొక్కా గుర్తొచ్చింది. పార ఎత్తి వేసేవాళ్ళకి చంకలో చొక్కా చిరిగిపోకుండా మా ఊరి దర్జీ అక్కడ విడిగా ఒక ముక్క, పేకలో డైమను గుర్తులాంటిది, వేసి కుట్టేవాడు. అదే వేశాను. నీలం శాటిన్ చాల్లేదు. చంకలో ఎవరు చూడొచ్చారులే అని, ఒక పెళ్ళిచీర జాకెట్టులో మిగిలిన ఎర్రపట్టు వేసేశాను.

ప్రోగ్రాం అయిన మర్నాడే మళ్ళీ గుమ్మంలో నిలబడింది. రంగు కలపనందుకు చీవాట్లు తప్పవనుకున్నాను.

“రాత్రి సెయ్యెత్తీసరికి ముందు వరసోళ్ళు ఓ అని అరిసేరు. ఏటా అని సూసుకుంటే సంక కింద ఎర్రగా మెరిసింది. పిల్లా, ఇంక మీదట అన్నిటికీ ఎర్రదే ఎయ్యి” అంది.

అలా నా బద్ధకం ఆవిడ ఫ్యాషన్ అయింది. మూడు నాలుగేళ్ళు తిరిగేసరికి చిన్నాచితకా ఆర్కెస్ట్రాల్లో పాడే అమ్మాయిలు కూడా చంకల్లో ఎర్రముక్క వేయించుకోవడం మొదలుపెట్టారు. అది నా చేతి పని అని ఎవరికీ తెలియకపోయినా నాకు లోపల గర్వంగా ఉండేది. నేను ఆవిడని అప్పా అని పిలవడం అప్పుడే అలవాటైంది. మా వైపు అక్కని అలాగే అంటాం.

అప్పకి కొన్ని పట్టింపులుండేవి. ఒక సీజన్లో వేసిన బట్ట మళ్ళీ సీజన్‌కి వేసేది కాదు. “పోయినేడు బట్టేసుకుంటే పోయినేడు మనిసిలాగే కనపడతాను కదే” అనేది. పాతవాటి చమ్కీలూ అద్దాలూ విప్పించి కొత్తవాటి మీద కుట్టించేది గానీ, కోత మాత్రం కొత్తది ఉండాల్సిందే. పోర్టుకి వచ్చిన ఓడల్లోంచి ఎలాగో బయటికొచ్చే ఫారిన్ గుడ్డ వన్ టౌన్‌లో ఒక కొట్టులో దొరికేది. అక్కడికి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి, గుడ్డని చెవి దగ్గర పెట్టుకుని నలిపేది. చప్పుడు చేసే గుడ్డ మైకులో వినపడుతుందట. డిస్కో పాటల మోజు ఇంకా ఉన్నప్పుడు, భుజాలు బిరుసుగా నిలబడేలా బుక్రం గుడ్డ వేసిన కోటు వేసింది. ఆ మోజు తీరగానే జనంకన్నా ముందు తనే దాన్ని వదిలేసి, నేలకి జీరాడే నెట్ గౌనులోకి మారింది. ఆవిడతో మొదలుపెట్టిన పాటగత్తెలు పెళ్ళిళ్ళయ్యో, గొంతులు పోయో, విసుగొచ్చో ఒక్కొక్కరే తప్పుకున్నారు. ఆవిడ మాత్రం కొత్త పాట వస్తే క్యాసెట్టు అరిగిపోయేదాకా విని పట్టేసేది.

“నీకెన్నేళ్ళప్పా?” అని ఒకసారి అడిగాను.

“ఏ పాట పాడతన్నానో దానికెన్నేళ్ళో నాకూ అన్నే” అంది.

ఇంకో పట్టింపు, కొత్త డ్రెస్సు ముందుగా తొడిగి చూసుకునేది కాదు. ప్రోగ్రాం రోజు పొద్దున్న నేను తీసుకెళ్ళి ఇస్తే, దేవుడి దగ్గర పెట్టి, ఓ మూల పసుపు రాసి, సాయంత్రం స్టేజీ వెనకే మొదటిసారి తొడుక్కునేది. తొడుక్కున్నాక ఆఖరి పాట దాకా కుడిచెయ్యి ఎత్తేది కాదు. తలలో పూలు కూడా నేనే పెట్టాలి. ముందే ఎత్తేస్తే ఆ చెయ్యిలో ఉన్నదంతా అక్కడే ఖర్చయిపోతుందని ఆవిడ నమ్మకం. అంచేత నా కొలతే కొలత. చెయ్యి దించి ఒక కొలత, చెయ్యెత్తి ఒక కొలత తీసేదాన్ని. పదేళ్ళలో ఒక్కసారి కూడా నా కుట్టు ఆవిడ ఒంటిని బిగుతుగా పట్టలేదు.

తొంభైల ఆఖరికి మా బతుకు కాస్త తెరిపిన పడింది. సీతమ్మధారలో ఒక క్లినిక్ పక్కన చిన్న షాపు తీసుకున్నాను. బోర్డు మీద ‘లేడీస్ స్పెషలిస్ట్’ అని రాయించాను. డాక్టర్ల భార్యలు, కాలేజీ మేడమ్‌లు, బ్యాంకు ఆఫీసర్ల ఇళ్ళవాళ్ళు వచ్చేవారు. నన్ను ‘మీరు’ అనేవారు. గాజువాకలో అయిదు నిమిషాలకోసారి నన్ను ‘ఒసే’ అని పిలిచే పక్కింటావిడ గుర్తొచ్చి, ఈ ‘మీరు’ నాకు మహా తియ్యగా ఉండేది. కొత్తలో అప్ప ఫొటోలు, నేను కుట్టిన డ్రెస్సుల్లో తీసినవి, షాపు గోడకి తగిలించాను. ఆర్నెల్లు తిరక్కుండానే అవి తీసి బీరువా అడుగున పెట్టేశాను. ఎవరూ తియ్యమనలేదు. నాకే ఎందుకో బాగోలేదు.

అప్ప మాత్రం రావడం మానలేదు. పెద్ద గొంతుతో “పిల్లా” అంటూ లోపలికి వచ్చి, కుర్చీలో కాళ్ళు ముడుచుకు కూర్చుని, టీ తెప్పించమనేది. ఒకరోజు అలా వచ్చి వెళ్ళాక, జాకెట్టు కోసం కూర్చున్న ఒక డాక్టరుగారి భార్య అడిగింది.

“ఆవిడకి మీరేనా కుట్టేది? మొన్న మా కాలనీ ఫంక్షన్‌లో చూశాం. ఆ వయసులో చెయ్యెత్తి చంకలు చూపించడం, అందులో మళ్ళీ ఎర్రగుడ్డ. మా పిల్లలు ఒకటే నవ్వు. మీరైనా చెప్పొచ్చుగా?”

ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను. ఆ ఎర్రగుడ్డ నా చేతి పనండీ అని చెప్పాల్సిన నోరు నవ్వింది. “చెబితే వినే మనిషి కాదండీ” అని పైగా ఒక మాట కలిపాను. గురివింద గింజ సామెత ఊరికే పుట్టలేదు. అవతలి వాళ్ళ ఒంటి మీద సిగ్గు వెతుక్కునేవాళ్ళు ముందు తమని తాము చూసుకోరు.

ఆ యేడే అప్పకి గడ్డుకాలం మొదలైంది. ఆర్కెస్ట్రాలో ఒక కొత్తమ్మాయి చేరింది. ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో. జీన్సు వేసుకుని గంతులు వేస్తూ పాడేది. యజమాని అటూ ఇటూ ఊగుతున్నాడు. సీజన్లో మొదటి ప్రోగ్రాం ఉక్కునగరం మైదానంలో, వేలమంది వస్తారు. అక్కడ ఆఖరి పాట అప్ప చేత పాడించి చూస్తానని, జనం లేస్తే ఈ సీజనంతా ఆవిడదేనని, లేవకపోతే ఆ చోటు కొత్తమ్మాయికి ఇస్తానని తేల్చి చెప్పేశాడు.

దానికి తోడు ఆవిడకి కుడిభుజం నొప్పి పట్టుకుంది. నా షాపు పక్క క్లినిక్‌లోనే చూపించుకుంది. ఈ వయసులో కొందరికి భుజం బిగుసుకుంటుందని, జాగ్రత్తగా ఉంటే కొన్నాళ్ళకి దానంతటదే వదులుతుందని డాక్టరు చెప్పాడు. కొలత ఇవ్వడానికి వచ్చినప్పుడు పళ్ళు బిగించింది గానీ, చెయ్యి మాత్రం పైదాకా లేచింది. నేను టేపు పెట్టి కొలిచాను. రాసుకున్నాను. చెయ్యి లేచిందన్నది నాకు తెలుసు.

“పిల్లా, ఈసారి బంగారు రంగు టిష్యూ గుడ్డ తీసుకున్నాను. ఎర్రముక్క కొంచెం పెద్దదే ఎయ్యి. సెయ్యెత్తితే దీపం ఎలిగించినట్టుండాల. ఈ ఒక్క పోగ్రాం నిలబడితే సాలు, ఇంకో అయిదేళ్ళు నన్నెవడూ కదపలేడు” అంది. ఆ మాట అంటున్నప్పుడు నా గెడ్డం పట్టుకుంది.

ఆవిడ వెళ్ళాక గుడ్డ పరిచి సుద్దముక్క తీసుకున్నాను. అప్పటికి నా బుర్రలో డాక్టరుగారి భార్య నవ్వు కూర్చునుంది. ఉక్కునగరం ప్రోగ్రాంకి నా ఖాతాదారులు చాలామంది వస్తారు. డ్రెస్సు ఎవరు కుట్టారో ఇప్పుడు అందరికీ తెలుసు. ముందు డ్రెస్సు చేతులు మణికట్టు దాకా పొడుగ్గా గీశాను. ఫ్యాషన్ అంటే అప్ప కాదనదు. తర్వాత చంక ముక్క దగ్గరికొచ్చేసరికి, వెయ్యాల్సిన దానికంటే నాలుగు వేళ్ళు తగ్గించి గీశాను. ఎర్రగుడ్డ ఉందంటే ఉంటుంది, కనపడీ కనపడకుండా ఉంటుంది. అంత పొడుగు చేతికి ఆ ముక్కతో చెయ్యి చెవి దాటి పైకి లేవదని టైలరుకి తెలియదా? తెలుసు. కాస్త తక్కువ ఎత్తితే మర్యాదగా ఉంటుందిలే అనుకున్నాను. ఆవిడ మంచికే అనుకున్నాను. ఎదుటివాళ్ళకి చెప్పకుండా వాళ్ళ మంచి మనం చేసేటప్పుడు ఒకసారి ఆగి మన మొహం అద్దంలో చూసుకోవాలి. నేను చూసుకోలేదు.

ప్రోగ్రాం రోజు సాయంత్రం స్టేజీ వెనక టెంటులో డ్రెస్సు తొడిగాను. అప్ప చంక కింద తడుముకుని, “ఎర్రది ఏసేవు కదా” అంది. “ఏశానప్పా” అన్నాను. అద్దంలో చూసుకుని తృప్తిగా తలాడించింది. బంగారు రంగులో నిజంగా బాగుంది. తలలో పూలు పెట్టి, స్టేజీ పక్కన మెట్ల దగ్గర నిలబడ్డాను.

ముందు పాటలన్నీ బాగానే పోయాయి. కొత్తమ్మాయి పాడింది, గంతులేసింది, జనం ఈలలేశారు. ఆఖరి పాటకి అప్ప వచ్చేసరికి వెనక నిలబడ్డ వాళ్ళు కూడా ముందుకి తోసుకొచ్చారు. గొంతు ఎప్పట్లాగే ఉంది. ఆ చోటు వచ్చింది. మైకు ఎడమచేతికి మారింది. కుడిచెయ్యి లేచింది, చెవి దాకా వెళ్ళింది, అక్కడ ఆగిపోయింది. అప్ప మళ్ళీ ఎత్తబోయింది. గుడ్డ ఎక్కడా చిరగలేదు. నా కుట్టు గట్టిది. చెయ్యి ఆగేసరికి గొంతు కూడా ఆగింది. అన్నేళ్ళూ ఆ రెండూ కలిసే పైకి వెళ్ళాయి, ఒకటి లేకుండా ఇంకోటి వెళ్ళడం ఆవిడకి తెలియదు. స్వరం వణికి, కిందికి జారి, విరిగింది. ఎక్కడో కుర్రాళ్ళు “అమ్మమ్మా, ఇంటికెల్లిపో” అని కేకేశారు. నవ్వులు పుట్టాయి. కీబోర్డు వాయించేవాడు పాటని త్వరగా ముగించేశాడు.

టెంటులో అప్ప కుర్చీలో కూలబడి ఉంది. కాటుక చెదిరిపోయింది. నేను హుక్కులు విప్పుతుంటే భుజం పట్టుకుని నెమ్మదిగా అంది.

“భుజం పట్టీసింది పిల్లా. డాక్టరు సెప్పినట్టే అయింది. పైకి పోలేదు.”

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. అప్పుడు ఒక్క మాట చాలు. ‘భుజం కాదప్పా, నా కుట్టు’ అంటే చాలు. అప్పటికి యజమాని టెంటు బయటే ఉన్నాడు. చెప్పుంటే ఆవిడ నన్ను చెంప మీద కొట్టినా కొట్టేది. కానీ మళ్ళీ ప్రోగ్రాంకి లేచి నిలబడేది.

“మరి కుట్టు ఏవైనా పట్టిందా అప్పా?” అని అడిగాను. అడగడానికి నాకు ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్న రకం.

“నీ కుట్టు నన్నెప్పుడు పట్టింది? ఇది నా ఒల్లే” అంది.

“అవునప్పా. కొన్నాళ్ళు రెస్టు తీసుకో” అన్నాను.

మౌనంగా ఉండిపోయినా కొంత నయం. నేను అవునన్నాను.

డ్రెస్సు చెమట పట్టింది, ఉతికి తెస్తానని చెప్పి షాపుకి పట్టుకొచ్చేశాను. మర్నాడు షట్టరు సగం దించుకుని, చంక కుట్లు విప్పి, చిన్న ముక్క తీసేసి, వెయ్యాల్సినంత ఎర్రపట్టు వేసి కుట్టాను. ఇస్త్రీ చేశాను. తప్పు చేసిన ఆనవాలు లేదు. తీసుకెళ్ళి ఇస్తే అప్ప మళ్ళీ తొడుక్కుంటుందని, చెయ్యి దానంతటదే లేస్తుందని, నేను నోరు విప్పే అవసరం లేకుండా అంతా సర్దుకుపోతుందని నా ఆశ. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కూడా దొంగతనంగానే.

అప్ప ఆ డ్రెస్సు తొడుక్కోలేదు. అప్పటికే యజమానికి తప్పుకుంటానని చెప్పేసింది. డ్రెస్సు మడత విప్పి చూసి, కొత్తమ్మాయికి పంపించేసింది.

“కొత్త గుడ్డ, ఒక్కపాలే తొడిగేను. ఆ పిల్లకైనా పనికొస్తాది” అంది.

కొత్తమ్మాయి సన్నగా ఉంటుంది. నడుం దగ్గర నేనే లోపలికి పట్టి కుట్టి ఇచ్చాను. తర్వాత ప్రోగ్రాం మల్కాపురంలో. అప్ప చూడ్డానికి వెళ్ళింది, నన్నూ రమ్మని తీసుకెళ్ళింది. ఇద్దరం జనంలో నిలబడ్డాం. ఆఖరి పాటలో ఆ అమ్మాయి చెయ్యెత్తింది. ఏ అడ్డూ లేకుండా నిలువునా లేచింది. ఎర్రపట్టు మెరిసింది. జనం ఒక్కసారిగా అరిచారు. అప్ప కూడా చప్పట్లు కొట్టింది. కొడుతూనే నా చెవి దగ్గరికి వంగి చెప్పింది.

“సూసేవా? అదే బట్ట, అదే కుట్టు. ఆ పిల్ల సెయ్యి ఎలా లెగిసిందో సూడు. వయసే పిల్లా, ఇంకేటీ కాదు. నాను సరిగ్గానే తప్పుకున్నాను.”

అప్పుడూ నోరు విప్పలేదు. అంతకంటే సిగ్గుపడాల్సిన మాట ఇంకొకటి చెప్పాలి. ఆ తర్వాత అప్ప నా షాపుకి రావడం మానేసింది. మొదటి కొన్ని నెలలు నాకు హాయిగా ఉంది. ఖాతాదారుల ముందు ఉలిక్కిపడే పని తప్పింది.

ఆరేళ్ళు గడిచాయి. ఊళ్ళో అపార్టుమెంట్లు లేచాయి, పెళ్ళిళ్ళలో ఆర్కెస్ట్రాలు పోయి డీజేలు వచ్చాయి. అప్ప భీమునిపట్నంలో చెల్లెలి దగ్గర ఉంటోందని విన్నాను. వెళ్ళలేదు. ఒకసారి ఆ భీమిలిలోనే పెళ్ళివారికి జాకెట్లు ఇచ్చి తిరిగొస్తూ బస్సు కోసం నిలబడితే, బస్టాండు ఎదురుగా కొట్టులో గాజులు అమ్ముతూ కనపడింది. జుట్టు నెరిసింది. అయినా నిమ్మపండు రంగు చీరకి సరిగ్గా అదే రంగు గాజులు, కళ్ళకి కాటుక. తప్పించుకుపోదామనే అనుకున్నాను. ఆవిడే చూసింది.

“ఓలమ్మా, నువ్వేటే పిల్లా. రా, కూకో” అని స్టూలు జరిపింది. చెల్లెలి కూతురికి నన్ను చూపించి, “సెప్తానుంటాను సూడు, పదేళ్ళు నా ఒల్లు పట్టకుండా కుట్టింది, ఇదే ఆ పిల్ల” అంది.

ఎవరో మట్టిగాజులు అడిగారు. అప్ప లేచి, తల కంటే చాలా ఎత్తున్న అర మీంచి పెట్టె దించింది. కుడిచేత్తో.

“భుజం తగ్గిందా అప్పా?” అన్నాను.

“ఏడాదికే తగ్గిపోనాది. డాక్టరు ముందే సెప్పేడు తగ్గుతాదని. నానే నమ్మలేదు. ఆ పిల్ల సెయ్యి అలా లెగిసీసరికి నా పని అయిపోనాదనుకున్నాను. పోన్లే, ఎప్పటిమాటో.”

ఇంక ఆగలేకపోయాను. పెద్ద ధైర్యం వచ్చి కాదు. పొడుగు చేతుల దగ్గర మొదలుపెట్టి, షట్టరు సగం దించి కుట్టు మార్చిన దాకా అంతా చెప్పేశాను. అప్ప గాజులు జతలు కడుతున్నదల్లా ఆపేసింది.

“ఎంత తగ్గించేవు?”

నాలుగు వేళ్ళు చూపించాను. ఆ వేళ్ళకేసి చాలాసేపు చూసింది.

“ఎందుకే?”

“ఆ వయసులో అలా బాగోదని... నలుగురూ నవ్వుతన్నారని. నీ పరువు పోతాదని.”

“నా పరువా?”

ఇంక అబద్ధం చెప్పడానికి మిగల్లేదు. “నా పరువు” అన్నాను.

మట్టిగాజులు అడిగిన అమ్మాయి రంగు ఏరుకుని వచ్చి చెయ్యి చాపింది. అప్ప ఆ చేతిని ఒళ్ళోకి తీసుకుని, మణికట్టు దగ్గర మెత్తగా నొక్కుతూ, ఒక్కటీ చిట్లకుండా డజను గాజులూ ఎక్కించింది. ఆ పిల్ల వెళ్ళాక నా వైపు తిరిగింది. తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

“ఆ మర్నాడైనా సెప్పీసుంటే, నిన్ను నాలుగు తిట్టీసి, ముక్క మార్పించుకుని మళ్ళీ పాడీదాన్ని” అంది. గొంతులో కోపం లేదు. లెక్క సరిచూసుకుంటున్నట్టు అంది.

తర్వాత ఏమనుకుందో, నా కోసం కాదు, తనకోసమే, ఆ ఆఖరి పాట సన్నగా అందుకుంది. కింద పాదం బాగానే వచ్చింది. పైకి వెళ్ళే చోట గొంతు గరగరమని ఆగిపోయింది. మళ్ళీ ప్రయత్నించలేదు.

“సెయ్యి బాగయ్యీసరికి ఇది పోయింది. పాడకపోతే ఉంటాదేటి గొంతు” అంది.

క్షమించమని అడగాలి కదా. అడగలేదు. అడిగితే అది నేను తేలికపడటానికేనని ఇద్దరికీ తెలుసు. ఇంతలో విశాఖపట్నం బస్సు వచ్చి ఆగింది. అప్ప గాజుల పెట్టె మూత పెట్టి, కొట్టుకి వచ్చిన ఎవరితోనైనా మాట్లాడినట్టే చెప్పింది.

“మీ బస్సొచ్చిందమ్మా. ఎల్లిరండి.”

నేను లేచి వెళ్ళి బస్సెక్కాను. ఆవిడ కొట్టు వైపు కాకుండా, అవతలి పక్క సీటు చూసుకుని కూర్చున్నాను.